దేవుడి పేరు చెప్పి గెంటొద్దు

“మా మతం ఒప్పదు.” ఈ మాట మనకి కొత్తా? గుడి గుమ్మంలోంచి మన తాతల్ని గెంటీసిన మాటే ఇది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకే మన జిల్లాల్లో దానికి చట్టబలం పోయింది.

ఇప్పుడదే మాట స్వలింగ ప్రేమికుల మీద పడింది. అమెరికాలో అలాంటి జంటలకి పిల్లల్ని పెంపకానికి ఇవ్వబోమన్న కేథలిక్ సంస్థనే 2021లో అక్కడి సుప్రీంకోర్టు గెలిపించింది. మన సుప్రీంకోర్టు 2018లో, వాళ్ళ ప్రేమ నేరం కాదంది. అంబేద్కర్ చెప్పిన రాజ్యాంగ నైతికతే కొలబద్ద అంది.

మరి మన పేటలో? హిజ్రా ప్రార్థనకొస్తే “వాక్యం ఒప్పదు” అంటున్నాం. బళ్ళో మెత్తగా నడిచే కుర్రాణ్ణి “కొజ్జా” అని ఏడిపిస్తున్నాం. ఎవరి నమ్మకం వారిది. దాన్ని అడ్డం పెట్టి మనిషిని గెంటే హక్కు ఎవరికీ లేదు. మనకీ లేదు.

గుడి బయట నిలబడినోళ్ళం, చర్చి తలుపెలా మూస్తాం? తీద్దాం రండి!