సూరత్ సంపాదన ఏ ఊరి లెక్క?

నల్గొండ జిల్లా పల్లెల్లోని కుటుంబాలన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే కుటుంబం నెలకు ఎంత సంపాదిస్తుంది? మధ్యగత ఆదాయం అనే ఈ అంకె అమెరికాలో ప్రతి కౌంటీకీ ఏటా వెలువడుతుంది. సర్వేలో దొరికిన నమూనా చిన్నదైతే పన్ను రికార్డులతో సరిచూసి అంచనా కడతారు. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు, కాబట్టి ఆ ఊతమూ లేదు. మనకు మిగిలినవి సగటులు. ఊళ్లో ఒక్క రియల్టర్ ఉంటే చాలు, పది మంది కూలీల పేదరికం సగటులో కనిపించకుండా పోతుంది.

ఆ సగటులైనా ఎంతవరకు నిజమో తెలియాలంటే గుజరాత్‌లోని సూరత్ వైపు చూడాలి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు వినడానికి చెవులు రిక్కించక్కర్లేదు. ఉమ్మడి నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. కొందరు కుటుంబంతో స్థిరపడ్డారు. మరికొందరు భార్యాపిల్లల్నో ముసలి తల్లిదండ్రుల్నో ఊళ్లో ఉంచి డబ్బు పంపుతారు. లెక్క తప్పేది ఈ రెండో రకం ఇళ్ల దగ్గరే.

సాంచా మీద నేసిన బట్ట విలువ సూరత్ జిల్లా ఉత్పత్తిలో చేరుతుంది. జిల్లా తలసరి ఆదాయం పని జరిగిన చోటు లెక్కే తప్ప, డబ్బు చేరిన ఇంటి లెక్క కాదు. సర్వే సిబ్బంది ఊరికొచ్చినా ఒకే పొయ్యి మీద వండుకుని కలిసి ఉండేవాళ్లనే కుటుంబంగా రాసుకుంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం సూరత్‌లో ఉండే మనిషి ఆ ఇంటి సభ్యుడే కాడు. అక్కడ అతనిది అద్దె గదిలో ఒంటరి కుటుంబం. మొత్తం కూలీ సూరత్ ఆదాయం కింద నమోదవుతుంది, నలుగురు తినే ఇల్లేమో ఆదాయం లేనిదిగా మిగులుతుంది.

జాతీయ గణాంక కార్యాలయం 2018-19 సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం దేశంలో 10,218 రూపాయలు, గుజరాత్‌లో 12,631, తెలంగాణలో 9,403. ఇందులో ఉన్న పద్దులు ఐదే: కూలీ-జీతం, పంట, పశువులు, కౌలు, వ్యవసాయేతర వ్యాపారం. బయటినుంచి వచ్చే సొమ్ముకు పద్దు లేదు. కొడుకు పంపిన డబ్బుతో బోరు వేస్తే ఆ డబ్బు ఆదాయం కాదట, బోరు కింద పండిన వడ్లు మాత్రం ఆదాయమట!

ఇప్పుడు ఖర్చు లెక్క చూడండి. 2022-23 వినియోగ సర్వేలో గ్రామీణ తెలంగాణలో మనిషికి నెల ఖర్చు 4,802 రూపాయలు. గుజరాత్ పల్లెల్లో 3,798. సంవత్సరాలు వేరు, లెక్కలోకి తీసుకున్న కుటుంబాలూ వేరు, నిజమే. అయినా తక్కువ సంపాదించే చోట ఎక్కువ ఖర్చు ఎలా సాధ్యం? రైతుబంధు కొంత, పట్నం కొలువులు కొంత, వలస డబ్బు కొంత. అప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు: తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతానికి అప్పుందని ఆ 2018-19 సర్వేయే చెప్పింది. ఇందులో దేని వాటా ఎంతో విడదీయకుండా పల్లె బాగుపడిందనీ చితికిపోయిందనీ అనడం ఊహాగానమే.

కాలక్రమంలో పోలిక ఇంకా కష్టం. 2012-13లో తెలంగాణ వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 6,311. ఆరేళ్లలో సగం మేర పెరిగినట్టు కనిపించినా ధరల పెరుగుదల తీసేస్తే మిగిలేది కొద్దే. పైగా వ్యవసాయ కుటుంబంగా గుర్తించడానికి ఉండాల్సిన కనీస ఉత్పత్తి విలువ 3,000 నుంచి 4,000కు మారింది. 2016లో నల్గొండ మూడు జిల్లాలైంది. పాత నల్గొండనూ కొత్త నల్గొండనూ పక్కపక్కన పెట్టి గీసే గ్రాఫుకు అర్థం లేదు.

1960లలోనే జాతీయ నమూనా సర్వేలో ఆదాయం అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం వాళ్ల ఖర్చు, పొదుపు కలిపినదానికన్నా తక్కువ తేలడంతో వదిలేశారు. మళ్లీ 2026లో దేశవ్యాప్త ఆదాయ సర్వేకు కేంద్రం పూనుకుంది. 2025 ఆగస్టులో ప్రశ్నావళిని పరీక్షించి చూస్తే 95 శాతం మంది అది సున్నితమైన సమాచారమన్నారు. సాంచా కార్మికుడికైతే దాపరికం కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. కూలీ మీటరు లెక్క. గిరాకీ ఉన్న నెల ఒక తీరు, దీపావళికి మిల్లులు మూతపడ్డ నెల మరో తీరు. నెలకెంత అని అడిగితే అతను ఏ నెల చెప్పాలి?

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వే చేసిన రోజు బయటి రాష్ట్రాల నుంచి ఎంతోమంది పనులు మానుకుని, ఛార్జీలు పెట్టుకుని సొంతూళ్లకు వచ్చారు. తమ ఇల్లు ఎక్కడో వాళ్లకు సందేహం లేదు, సందేహమంతా ప్రభుత్వ ఫారాలకే. ఆదాయ సర్వేలో తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని రెండు మార్పులు అడగాలి. బయట ఉండి డబ్బు పంపే సభ్యుడికి ప్రశ్నావళిలో విడిగా ఒక పద్దు పెట్టాలి, మంచి నెల కూలీనీ ఖాళీ నెల కూలీనీ వేరువేరుగా అడగాలి. ఆపైన ప్రతి జిల్లాకూ సగటుతో పాటు మధ్యగతాన్ని, వలస సొమ్ము కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి ప్రకటించాలి.