బంకు రసీదులో లేని లెక్క

మొన్న బండికి పెట్రోలు కొట్టించుకుని రసీదు తిరగేసి చూశాను. ధర ఉంది, లీటర్లున్నాయి. పన్నులో ఎవరి వాటా ఎంతో లేదు. 2022 మే తగ్గింపు తర్వాత లీటరుపై కేంద్ర ఎక్సైజు 19.90 రూపాయలైంది. రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం అందులో 1.40 మాత్రమే! మిగతాదంతా సెస్సులు, సర్‌చార్జీలు. 270వ అధికరణం వాటిని పంపకం నుంచి తప్పించింది. రాష్ట్రాలకు 41 శాతం ఇమ్మంది పదిహేనో ఆర్థిక సంఘం. దేనిలో 41 అన్నదే పేచీ. కేంద్ర రాష్ట్రాల తగవు కొత్తది కాదు. 1984 ఆగస్టులో గవర్నర్ ఎన్టీఆర్‌ను గద్దె దించితే జనం వీధుల్లోకొచ్చారు, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి. సెస్సు కోసం రోడ్డెక్కేదెవరు? (రోడ్డుకీ ఓ సెస్సుంది లెండి.) ఈ సంచిక ముఖచిత్ర కథనం నిండా ఆ చిట్టాపద్దులే.