మన బుడమేరు మనకు తెలుసా?

నైలు నది ఎక్కడ పుట్టిందని సోషల్ సారు అడిగితే మా తరగతిలో పది చేతులు లేస్తాయి. మన బుడమేరు ఎక్కడ పుట్టిందంటే ఒక్క చెయ్యీ లేవదు. 2024 సెప్టెంబరు 1న మా ఇళ్ళల్లోకి వచ్చినవి నైలు నీళ్ళు కావు కదా!

మా హాస్టల్లో కొందరం మైలవరం, జి.కొండూరు పల్లెల వాళ్ళం. కొందరం విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీల వాళ్ళం. ఇంకొందరం కొల్లేటి లంకల వాళ్ళం. మా అందరి ఊళ్ళనూ కలిపేది ఈ ఒక్క వాగే.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. ఎండాకాలంలో చూస్తే ఇదొక వాగా అనిపిస్తుంది. గట్టి వాన పడితే కొండల నీరు, చిన్న వాగుల నీరు ఒక్కసారే దిగుతుంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర వరదను మళ్ళింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. పాత దారి మాత్రం విజయవాడ పక్కగా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి, కొల్లేరు చేరుతుంది. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి.

ఇందులో ఒక చిక్కుంది. కృష్ణ నిండుగా ఉంటే మళ్ళింపు కాలువ నీరు సాఫీగా దిగదు. 2024లో జరిగిందదే. బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు మళ్ళింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరు పాత దారి పట్టింది.

"బుడమేరు ముంచింది" అంటున్నారు. మేము ఒప్పుకోము. వాగు తన దారిన తాను పోయింది. ఆ దారిలో ఇళ్ళున్నాయి. మా అమ్మానాన్నలు కూలి డబ్బులు కూడబెట్టి, చీటీలు పాడి కొన్న స్థలాలవి. అది వాగు దారి అని అమ్మినవాళ్ళు చెప్పలేదు. అడగాలని మావాళ్ళకు తెలియదు. టీసీలు, కులం సర్టిఫికెట్లు బురదలో నానిపోయినవాళ్ళు మాలోనే ఉన్నారు.

ఆక్రమణలు తొలగించాలంటే అందరికీ ముందు పేదవాడి ఇల్లే కనిపిస్తుంది. వాగుకు దారి ఇవ్వాల్సిందే. కానీ ముందు ఆ పేదవాడికి వేరేచోట ఇల్లు చూపించాలి. పెద్దవాళ్ళ గోడలకూ అదే కొలత పెట్టాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మాదొక విన్నపం. మీలో సర్వేయర్లున్నారు, ఇంజనీర్లున్నారు, టీచర్లున్నారు. ఒక ఆదివారం వచ్చి మాతో వాగు వెంట నడవండి. గ్రామ పటం చదవడం నేర్పండి. బుడమేరు పటం మేమే గీసి భోజనాల హాలు గోడకు తగిలిస్తాము. రేపు మమ్మల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు స్థలం కొనేముందు ఆ పటం ఒకసారి చూసుకుంటారు.

– పదో తరగతి విద్యార్థులు