పాత వెండి రూపాయిని కరిగించకండి



ముక్తేశ్వరం చుట్టుపక్కల చాలా ఇళ్లలో, బీరువాలోనో పూజగదిలోనో, ఒకటి రెండు పాత వెండి రూపాయలు ఉంటాయి. వెండి ధర పెరిగినప్పుడల్లా వాటిని కొట్లో ఇచ్చేసి పాపకు పట్టీలు చేయిద్దామన్న మాట వస్తుంది. ఆ పని చేయకండని నా మనవి. కరిగిస్తే మిగిలేది వెండి ముద్ద. పోయేది పిల్లలు చేత్తో పట్టుకుని చదవగల చరిత్ర.

నాణెం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. ఇప్పటి చెక్ దేశంలోని యోఖిమ్‌స్థాల్ అనే గనుల ఊరిలో సుమారు 1520లో పెద్ద వెండి నాణేలు ముద్రించారు. ఊరి పేరు మీద వాటిని 'టాలర్' అన్నారు. ఆ మాటే మారుతూ 'డాలర్' అయింది. మనం గొలుసుకు వేసుకునే డాలర్ కూడా ఆ మాటే. మరియా థెరీసా రాణి బొమ్మ ఉన్న టాలర్ 28 గ్రాములు తూగేది. ఆమె 1780లో చనిపోయినా, అరబ్బు వర్తకులు దాన్నే నమ్మేవారు కాబట్టి అదే ఏడాది వేసి ముద్రిస్తూనే వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బొంబాయి టంకశాలలోనూ ముద్రించారు. మస్కట్‌లో మనవాళ్లున్న కోనసీమకు ఇది పరాయి కథ కాదు.

ఇక మన రూపాయి. 1835 నుంచి దాని బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. యుద్ధకాలంలో, 1940లో, వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయి నికెల్‌ది. 1911 నాటి ఐదో జార్జి రూపాయి కథ పిల్లలకు మరీ నచ్చుతుంది. రాజు దుస్తుల మీది ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేస్తే, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు.

డబ్బు అవసరమైతే అమ్ముకోవడంలో తప్పు లేదు. ముందు ఏడాది చూడండి. అరుదైన నాణేనికి వెండి ధరకు మించి పలుకుతుంది. చింతపండుతో తోమినా, మెళ్లో వేసుకోవడానికి కొక్కెం అతికించినా ఆ విలువ పడిపోతుంది. ఇంకో మాట. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికాలో ఉన్న మనవడికి గుర్తుగా పంపడం నేరం.

ఈ నెలలో ఒక ఆదివారం ఆ నాణేన్ని పిల్లల చేతిలో పెట్టండి. ఎవరి బొమ్మ, ఏ సంవత్సరం, ఎంత బరువు, ఏ భాషల్లో ఏం రాసుంది, మన ఇంటికి ఎవరి ద్వారా వచ్చింది అన్నవి నోట్‌బుక్‌లో రాయించండి. చివరి ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ దొరకదు, తాతయ్యనో నాయనమ్మనో అడగాల్సిందే. ఆ నోట్‌బుక్‌ను సోషల్ టీచర్‌కు చూపించమనండి. నాణేన్ని మాత్రం బడికి పంపకండి.