సైనికుని స్వరలేఖ

సందేశానికి దూత కావాలి. యక్షునికి మేఘం, సీతారాములకు హనుమంతుడు దూతలయ్యారు. అయితే దూత మాటను చేరవేయగలడు గాని, పలికిన గొంతును చేరవేయలేడు. ఉత్తరానికి ఉన్న కొరత కూడా ఇదే. ధ్వనిముద్రణ యంత్రం ఆ కొరతను తీర్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకు చిక్కిన భారతీయ సైనికులను బెర్లిన్ సమీపంలోని వూన్స్‌డోర్ఫ్ శిబిరంలో ఉంచారు. 1915లో ఏర్పడిన ప్రష్యా ధ్వనిముద్రణ సంఘం భాషాపరిశోధన కోసం బందీల చేత మాట్లాడించి రికార్డు చేసింది. 1916 డిసెంబరు 11న మాల్‌సింగ్ అనే పంజాబీ సైనికుడు తన కథనే వేరొకరి కథలాగా చెప్పాడు. ఆ మనిషి స్వదేశంలో వెన్న తిని, పాలు తాగి బ్రతికాడట. యుద్ధానికి వచ్చి పట్టుబడ్డాడట. ఇంటికి పోవాలని ఉందట! ఆ గొంతు నేటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. కాని దానిని ముద్రించింది అతని ఇంటివారికి పంపడానికి కాదు.

1963లో క్యాసెట్టు వచ్చింది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు టేపులపై మాట్లాడి ఇంటికి పంపేవారు. మా గోపాలపట్నంలోనూ అటువంటి క్యాసెట్టు ఒకటి నేను విన్నాను. 1987లో భారత శాంతిసేన శ్రీలంకకు వెళ్ళింది. అందులో ఉన్న మా పొరుగింటి యువకుడు, సెలవుపై వస్తున్న మిత్రుని చేత దానిని తల్లికి పంపాడు. అందులో యుద్ధం ఊసే లేదు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా, చెల్లి పరీక్షలు బాగా వ్రాసిందా అని అడిగాడు. సింహాచలం చందనోత్సవంలో తన పేర కొబ్బరికాయ కొట్టమన్నాడు. మాటల వెనుక వాన చప్పుడు వినిపించింది. ఆ యువకుడు తిరిగి రాలేదు. తల్లి క్యాసెట్టును ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య దాచింది. ఏళ్ళ తరువాత పెట్టి చూస్తే, సముద్రపు తేమకు టేపు బూజుపట్టి బుసబుసలు తప్ప మరేమీ వినిపించలేదు.

ఒక గొంతు నిలిచింది, ఇంటికి చేరలేదు. మరొకటి ఇంటికి చేరింది, నిలువలేదు. ఈ రెండవ నష్టాన్ని నివారించడం మన చేతిలో ఉంది.

ఇంటి మాటలు ఇంటికే పరిమితం కావాలని కొందరంటారు. అది న్యాయమే. అయితే భద్రపరచడం వేరు, బయటపెట్టడం వేరు. ఎవరు వినాలో ఆ కుటుంబమే నిర్ణయించుకోవాలి. అసలు గొంతే నశిస్తే నిర్ణయించడానికి ఏమి మిగులుతుంది? చరిత్రగ్రంథాలలో యుద్ధ తేదీలుంటాయి. అమ్మను పిలిచిన తీరు, ఊరి యాస ఉండవు.

విద్యార్థులారా! నేటి సైనికుని మాట సెల్‌ఫోనులో క్షణంలో చేరుతోంది. ఫోను పాడైతే అంతే వేగంగా మాయమవుతోంది. మీ ఇంటిలోనో, పొరుగింటిలోనో పాత క్యాసెట్టు ఉంటే పెద్దల అనుమతితో నేడే కంప్యూటరులోకి ఎక్కించండి. నకలు రెండుచోట్ల దాచండి. మాట్లాడినవారి పేరు, ఊరు, సంవత్సరం వ్రాసిపెట్టండి. ఆ తల్లికి మనం చేయలేకపోయిన సాయం మరొక తల్లికైనా అందుతుంది.