కంటి పిల్లలు, చెవి పిల్లలు, చీరాల పాఠం

బోధన గురించి ఉపాధ్యాయులకు చెప్పే మాటల్లో ఒకటి బాగా స్థిరపడిపోయింది. పిల్లల్లో చూసి నేర్చేవారు కొందరు, విని నేర్చేవారు కొందరు, చేతులతో చేసి నేర్చేవారు కొందరనీ, ఎవరికి తగినట్టు వారికి పాఠాన్ని మలచాలనీ. అందరినీ ఒకే గాటన కట్టవద్దనే సదుద్దేశం అందులో ఉంది, కాదనను. కానీ 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, ఇలా విడదీసి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పిల్లవాడికి ఇష్టమైన దారే వాడికి బాగా నేర్పే దారి కానక్కరలేదు.

స్థానిక చరిత్ర విషయంలో ఈ విభజన మరీ అన్యాయమని నా అభిప్రాయం. చీరాల-పేరాల ఉద్యమాన్నే తీసుకోండి. రెండు ఊళ్ళనూ కలిపి పురపాలక సంఘం చేయడంతో ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000కు చేరింది. 1921 ఏప్రిల్‌లో అక్కడికి వచ్చిన గాంధీజీ, ఊరి హద్దులు దాటి వెళ్ళిపోవడం కూడా ఒక మార్గమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాదిమంది ఇళ్ళు విడిచి, హద్దు అవతల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని, దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురమున్నారు. దుగ్గిరాల జైలు పాలయ్యాక ఉద్యమం సడలింది. జనం తిరిగి ఇళ్ళకు చేరారు. పురపాలక సంఘం మాత్రం రద్దు కాలేదు.

ఇప్పుడు ‘కంటి పిల్ల’కు పటం చూపి, ‘చెవి పిల్ల’కు కథ చెప్పి, ‘చేతి పిల్లవాడి’కి పాకల నమూనా చేయమని అట్టముక్కలిచ్చామనుకోండి. ముగ్గురికీ తలా ఒక ముక్క దక్కుతుంది, ఉద్యమం ఎవరికీ దక్కదు. హద్దు దాటితే పన్ను వర్తించదన్నదే ఇందులో కీలకం. పటం చూడనివాడికి అది ఎలా తెలుస్తుంది? పదింతలంటే ఏమిటో తన ఇంటి ఖర్చుతో లెక్క వేసుకోనివాడికి ఆ జనం కోపం ఎలా అర్థమవుతుంది? పటమూ లెక్కా కథా పాఠం అడుగుతున్నవి, పిల్లల రకాలు అడుగుతున్నవి కావు. కనుక అన్నీ అందరికీ కావాలి.

నేతపనివారి పిల్లలు చదివే బడిలో పనిచేసే ఒక మిత్రుడు చెప్పిన సంగతి ఇది. పరీక్షలో ఎప్పుడూ ఖాళీ కాగితమిచ్చే కుర్రవాడొకడు ఈ పాఠం మధ్యలో లేచి, "మగ్గం గుంటలో ఉంటుంది గదా సార్, దాన్నెట్లా తీసుకుపోయారు?" అని అడిగాడట. మిత్రుడికి జవాబు తెలియదు. నాకూ ఆ ప్రశ్న ఏనాడూ తోచలేదు. పాకలో కొత్తగా గుంట తవ్వాలి, వానకు అది నిండుతుంది, అన్నాళ్ళు నేత ఆగితే పూట గడవాలి. పన్ను కట్టనన్నందుకు ఆ జనం చెల్లించిన మూల్యమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆ కుర్రవాణ్ణి కంటి పిల్లవాడనాలా, చెవి పిల్లవాడనాలా? వాడు మగ్గమున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు, అంతే. సర్దుబాటు నిజంగా కావలసింది జవాబు తీసుకోవడంలో. రాయలేనివాణ్ణి నోటితో చెప్పనివ్వాలి, ఇంటి మాటలోనే చెప్పనివ్వాలి, చూపు మందగించిన పిల్లకు పటాన్ని వేలితో తడిమేలా చేసివ్వాలి. ఆ బడిలో ఆ ఏడు పరీక్షలో అడిగింది మాత్రం ఉద్యమం జరిగిన సంవత్సరం. కుర్రవాడు ఎప్పటిలాగే ఖాళీ కాగితమిచ్చి వెళ్ళిపోయాడట.