పెడల్ లైట్ వెలగట్లేదా? ఫుట్‌స్విచ్ మార్చేయడానికి అంత తొందరెందుకు!

ఫోన్లలో నోటిఫికేషన్ ఎల్‌ఈడీ దాదాపు కనుమరుగైపోయింది. స్క్రీనే అన్నీ చెప్పేస్తోంది కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. గిటార్ ఎఫెక్ట్స్ పెడల్ సంగతి అలా కాదు. చీకటి స్టేజి మీద ఎఫెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చెప్పేది కాలి దగ్గరుండే ఆ చిన్న లైటే. అది వెలగకపోతే కంగారు సహజం. ఆ కంగారులో ఎవర్నడిగినా వచ్చే సలహా ఒక్కటే: "స్విచ్ పోయింది, మార్చేయ్." నన్నడిగితే, కొలిచి చూడకుండా స్విచ్ మార్చడం రిపేర్ కాదు, లాటరీ.

ఎందుకో చెప్తా. ట్రూ బైపాస్ పెడల్స్‌లో ఎక్కువగా వాడేది 3పీడీటీ ఫుట్‌స్విచ్. అడుగున తొమ్మిది కాళ్లుంటాయి. అంటే ఒకే బటన్ కింద మూడు వేర్వేరు స్విచ్‌లు. వాటిలో రెండు గిటార్ సౌండ్‌ని అటూ ఇటూ మళ్లిస్తాయి. మూడోది ఎల్‌ఈడీ కోసమే. సౌండ్ దారికీ లైట్ దారికీ సంబంధం లేదు. అందుకే లైట్ వెలుగుతూ ఎఫెక్ట్ రాకపోవచ్చు, ఎఫెక్ట్ వస్తూ లైట్ వెలగకపోవచ్చు. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్‌కి అసలు ఎల్‌ఈడీనే లేదు, అయినా అది లోకమంతా మోగింది. ఎఫెక్ట్ బాగానే వస్తోందంటే స్విచ్‌లో కనీసం రెండు వంతులు బాగున్నట్టే కదా!

అన్నిటికన్నా ముందు ఒక తేలికైన చెక్. చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ పెడితేనే బ్యాటరీ కనెక్ట్ అవుతుంది. కేబుల్ లేకుండా బ్యాటరీ మీద టెస్ట్ చేసి "లైట్ పోయింది" అనుకుంటే పొరపాటే.

కేబుల్ పెట్టినా వెలగలేదా? ఇప్పుడు ఒక వైర్ ముక్క చాలు. చాలా కిట్లలో 9 వోల్టుల నుంచి రెసిస్టర్, ఎల్‌ఈడీ దాటి స్విచ్ కాలికి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి కనెక్షన్ వెళ్తుంది. పవర్ ఆన్‌లో ఉంచి, ఎల్‌ఈడీ వైర్ వచ్చి చేరే స్విచ్ కాలిని ఆ వైర్ ముక్కతో గ్రౌండ్‌కి తాకించండి. నేరుగా ఎల్‌ఈడీ కాలికి మాత్రం తాకించొద్దు. రెసిస్టర్ అటువైపు ఉంటే ఎల్‌ఈడీ కాలిపోతుంది.

లైట్ వెలిగిందా? అయితే ఎల్‌ఈడీ, రెసిస్టర్ రెండూ బాగున్నాయి. తేడా స్విచ్‌లోనో గ్రౌండ్ వైర్‌లోనో ఉంది. పవర్ తీసేసి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో గ్రౌండ్ వైర్ చూడండి, తర్వాత బటన్ నొక్కుతూ మూడో వరుస కాళ్లు చూడండి. గ్రౌండ్ వైర్ బాగుండి, స్విచ్ ఏ పొజిషన్‌లోనూ బీప్ రాకపోతే అప్పుడు మార్చండి, నేనేం అడ్డు చెప్పను. కొత్తగా కట్టిన పెడల్ అయితే స్విచ్‌ని 90 డిగ్రీలు తిప్పి బిగించారేమో కూడా చూడండి. అలా తిరిగితే వరుసలే మారిపోతాయి.

వెలగలేదా? స్విచ్‌ని వదిలేసి ఎల్‌ఈడీ వైపు వెతకండి. పొడవు కాలు ప్లస్, అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. తిరగేసి పెడితే వెలగదు. తర్వాత రెసిస్టర్ రంగులు. 4.7 కిలో ఓమ్స్‌కి పసుపు, ఊదా, ఎరుపు. 47 కిలో ఓమ్స్‌కి పసుపు, ఊదా, నారింజ. మసక వెలుతురులో ఎరుపుకీ నారింజకీ తేడా తెలియదు, కానీ ఫలితం పది రెట్లు మారుతుంది. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులకి మొదటిది 1.5 మిల్లీయాంప్స్ ఇస్తుంది, రెండోది 0.15 మాత్రమే. లైట్ ఉందో లేదో తెలియనంత మసక.

"స్విచ్ ఖరీదు ఎంతని? మార్చేస్తే పోలా?" అనొచ్చు. ఖరీదు గురించి కాదు. తొమ్మిది కాళ్ల సోల్డర్ పీకి మళ్లీ తొమ్మిది అతికించాలి. ఒక్కో కాలి మీద ఐరన్ రెండు మూడు సెకన్లు మించి ఉంచితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కొత్త స్విచ్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. లైట్ మాత్రమే పోయిన పెడల్‌లో సౌండ్ కూడా పోతుంది. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట!

ఇవాళ్టి ఫోన్ తెరవాలంటే జిగురు కరిగించాలి, స్క్రీన్ పగులుతుందని భయపడాలి. పెడల్ అలా కాదు. మామూలుగా నాలుగు స్క్రూలు విప్పితే లోపల ప్రతి వైరూ కంటికి కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన గ్యాడ్జెట్ దొరకడం కష్టం. కాబట్టి తర్వాతి పెడల్ కొనే ముందు ఒక మామూలు మల్టీమీటర్ కొనండి. ఉన్న పెడల్‌తోనే ఇంకొన్నేళ్లు హాయిగా వాయించుకోవచ్చు.